నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పియానో క్లాసు: ఆరు నెలలయ్యాక నా మాట

మా పాపకు తొమ్మిదేళ్లు. ఇంతకుముందు ఇంకో చోట ఏడాది నేర్చుకుంది. అక్కడ తప్పుల్లేకుండా వాయిస్తే టిక్కు కొట్టి పేజీ తిప్పడమే, పిల్ల కూడా టైపింగ్ కొట్టినట్టే వాయించేది.

ఇక్కడ మేడమ్ మొదటి రోజు పాట విని తప్పులేమీ చెప్పలేదు. "మైపాడు పోయినావు గదా, అల వెనక్కి పోయేటప్పుడు ఏం చేస్తుంది?" అని అడిగింది. పాప కాసేపు ఆలోచించి, "కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది" అంది. "అట్ట లాగు అయితే." అంతే, చివరి నాలుగు స్వరాలు నెమ్మదిగా సన్నబడిపోయాయి. ఏడాదంతా "మెత్తగా, మెత్తగా" అని నేను మొత్తుకున్నా రానిది అది!

ఇందులో మాయేం లేదు. మీట ఎంత వేగంగా కిందికి పోతే సుత్తి తీగను అంత గట్టిగా కొడుతుంది, కానీ ఆ వేగం గురించి పిల్లలకు చెబితే చెయ్యి బిగుసుకుపోతుంది. అదే ఎండలో చెప్పుల్లేకుండా పెన్న ఇసుక మీద నడుస్తున్నావు అంటే వేళ్లు వాటంతట అవే టక్కున పైకి లేస్తాయి. స్వరాలను ఇట్లా పొట్టిగా, తెంచి తెంచి వాయించడాన్ని స్టకాటో అంటారని వాళ్లకు ఆ తర్వాతే చెబుతుంది.

ఇప్పుడు పట్టుకున్నది 1848లో జర్మన్ స్వరకర్త షూమన్ పిల్లల కోసం రాసిన వాటిలో ఒకటి, పొలం పని ముగించుకుని ఇంటికొచ్చే రైతు మీద. అందులో అసలు రాగం ఎడమచేతిది, కింది స్వరాల్లో మగగొంతులా ఉంటుంది. మా పాప ఆ రైతును వాళ్ల తాతను చేసేసింది, కోతలైపోయి వడ్లు మంచి రేటుకు అమ్మి వస్తున్నాడంట. కుడిచేతి శబ్దం ఎక్కువైతే "తాత మాట వినపడటం లేదు" అని తనే ఆపి మళ్లీ మొదలుపెడుతోంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కథ ముదిరితే తాళం గాలికి పోతుంది, తాళం తప్పకుండా టిక్కు టిక్కుమని కొట్టే మెట్రోనోమ్ బయటికి తీసేది ఎప్పుడో గానీ లేదు. గ్రేడ్ పరీక్షలు త్వరగా రాయించాలనుకునే వాళ్లకు ఇక్కడ ఓపిక చాలదు. ఇంకోటి, మా ఇంట్లో ఉన్నది చవక కీబోర్డు, మెల్లగా తాకినా గుద్దినా ఒకటే శబ్దం, దాని మీద ఈ అలలూ ఇసుకా ఏం పలుకుతాయి? టచ్ సెన్సిటివ్ కీబోర్డు ఉండాలని రెండు నెలలయ్యాక చెప్పారు, చేరేటప్పుడే చెప్పుంటే ఆ రెండు నెలలు ఇంట్లో ప్రాక్టీసు దండగయ్యేది కాదు. మీరు చేరేముందు ఇంట్లో ఉన్నదాని మీద ఒకే మీటను రెండు రకాలుగా నొక్కి చూసుకోండి.

వారానికి రెండు క్లాసులు, 40 నిమిషాలు అంటారు గానీ ముందు బ్యాచ్ లేచేసరికి 30 మిగులుతుంది. బండి పెట్టుకునే చోటు లేదు, ఎదురింటాయనతో రోజూ గొడవే. పాపను మాత్రం అక్కడే కొనసాగిస్తున్నాను. నాలుగు స్టార్లు, ఐదోది మెట్రోనోమ్ తీసిన రోజు ఇస్తా.