వరిలో డ్రోన్ పిచికారీ: ఫలితం నాట్ల నాడే తేలిపోతుంది

కృష్ణా డెల్టాలో సార్వాకు, అంటే వానాకాలం పంటగా, సాంబమసూరి వరి, ఆ తర్వాత మాగాణి మినుము వేసే రైతును. కొన్నేళ్లుగా మందులు ఎక్కువగా అద్దె డ్రోన్‌తోనే కొట్టిస్తున్నాను. పొలాన్ని ఉపగ్రహ చిత్రాల్లో చూసుకోవడం కూడా ఇంచుమించు అప్పుడే మొదలైంది. వచ్చే ఏడూ డ్రోన్‌నే పిలుస్తాను. అయితే వరిలో అది పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు నాట్లు వేసే రోజునే తేలిపోతుంది.

దీనికి కారణం సుడిదోమ. అది ఆకుల మీద ఉండదు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదళ్లలో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. వెన్ను బయటికి రాకముందు, పొట్ట దశకు పైరు కమ్ముకుపోతుంది కాబట్టి పై నుంచి పడే సన్నని తుంపర పై ఆకుల మీదే ఆగిపోతుంది. చుక్క తగిలితే పసుపు నుంచి నీలంగా మారే కాగితాలు దొరుకుతాయి. వాటిని కర్రలకు పైన ఒకటి, అడుగున ఒకటి కట్టి పైరులో పాతించాను. కాలిబాటలు లేని మడిలో పై కాగితం నిండా నీలి చుక్కలు, అడుగుది దాదాపు పసుపుగానే ఉంది. నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వదిలిన మడిలో, బాటల వెంబడి దుబ్బుల అడుగున కూడా చుక్కలు కనిపించాయి. రెక్కల గాలి ఆ సందుల్లోకి దిగి ఆకులను పక్కకు నెడుతుంది. మొదళ్లకు గాలి, వెలుతురు తగిలి దోమ తగ్గాలని వ్యవసాయ అధికారులు ఎప్పటి నుంచో చెబుతున్న బాటలే ఇవి. వెదజల్లిన వరిలో బాటలు ఉండవు. అక్కడ దోమకు డ్రోన్‌ను నమ్ముకోవద్దు. మనిషి దిగి పైరును పాయలు తీసి, మొదళ్లు తడిసేలా కొట్టాల్సిందే. పాముపొడ తెగులుకూ ఇదే మాట. ఆకుముడత, అగ్గి తెగులు, జింకు పిచికారీ మాత్రం డ్రోన్‌తో చక్కగా సాగుతాయి.

మోతాదు విషయంలో చాలా జాగ్రత్త అవసరం. చేతి పిచికారీ పంపుతో ఎకరాకు 200 లీటర్ల నీరు పట్టే చోట డ్రోన్ 10 లీటర్లతో ముగిస్తుంది. దోమ మందు పైమెట్రోజిన్‌ను లీటరుకు 0.6 గ్రాములన్న పాత లెక్కతో 10 లీటర్లకు 6 గ్రాములు వేస్తే దోమకు ఏమీ కాదు. నీరు ఎంత తగ్గినా ఎకరాకు పడాల్సింది 120 గ్రాములే. అంటే ట్యాంకులో మందు 20 రెట్లు చిక్కగా ఉంటుంది. అందుకే నాలుగు రకాలు కలిపి ఒకేసారి కొట్టించే అలవాటును డ్రోన్ దగ్గర పూర్తిగా మానుకోవాలి; కొన్ని మందులు ట్యాంకులోనే విరిగిపోతాయి. పొడి మందును విడిగా బకెట్‌లో కరిగించి, వడకట్టి పోయించండి. నాజిల్ పూడితే అప్పటికి ఎవరికీ తెలియదు. పది రోజుల తర్వాత పొలంలో ఒక పట్టీ మేర ఆకులు ముడుచుకుని తెల్లబడినప్పుడు తెలుస్తుంది.

మోకాలి లోతు బురదలో పైపు లాగుతూ, తుంపర ముఖాన పడుతూ ఏళ్ల తరబడి మందు కొట్టినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఆ కళ్ల మంటలు, తల తిరుగుళ్లు చూసిన నాకు డ్రోన్ వచ్చినందుకు మనస్ఫూర్తిగా సంతోషం. కానీ చిక్కటి మందు కలిపే మనిషి ఇప్పటికీ ఉన్నాడు. చేతి తొడుగులు, మాస్కు లేకుండా నేను కలపనివ్వను. డ్రోన్ నడిపే వ్యక్తి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా చూస్తాను. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఈ తరగతి డ్రోన్లకు అది తప్పనిసరి.

మా గట్టు అవతల రొయ్యల చెరువులు ఉన్నాయి. పైరిత్రాయిడ్ జాతి మందులు అతి స్వల్పంగా పడినా రొయ్యలు చనిపోతాయి. అందువల్ల ఆ వైపు పట్టీని డ్రోన్‌కు వదలం, గాలి లేని వేళ చేతిపంపుతో కొట్టిస్తాం. మిగతా పొలమంతా తెల్లవారాక, గాలి లేవకముందే పూర్తి చేయిస్తాం. ఎకరాకు పది నిమిషాలు కూడా పట్టదు కాబట్టి ఇది సాధ్యమే.

ఇక ఉపగ్రహం. యూరప్ సెంటినెల్-2 చిత్రాలు ఐదు రోజులకోసారి ఉచితంగా వస్తాయి. ఒక్కో గడి 10 మీటర్లు కాబట్టి ఎకరాకు సుమారు 40 గడులు. గట్టు మీది కొబ్బరి చెట్ల పచ్చదనం అంచు గడుల్లో కలిసిపోతుంది, వాటిని లెక్కలోకి తీసుకోను. సార్వాలో మబ్బుల వల్ల వారాల తరబడి ఏమీ కనిపించదు. దోమ మచ్చలు చిత్రంలో తేలేసరికి పైరు మాడిపోయి ఉంటుంది. కనుక పురుగు కోసం దాన్ని చూడవద్దు. మినుము కాలంలో ఆకాశం తేటగా ఉంటుంది, అప్పుడే దాని విలువ తెలుస్తుంది. మా మురుగు బోదె వైపు మూల ఏటా వెలవెలబోతూ కనిపించేది. మందులు మార్చకుండా అక్కడి మట్టిని పరీక్ష చేయిస్తే చౌడు అని తేలింది. బోదె పూడిక తీయించి, నీరు కిందికి పోయే ఏర్పాటు చేశాక ఆ మచ్చ కుంచించుకుపోతోంది.

అద్దె మా వైపు ఎకరాకు 400 నుంచి 500 రూపాయలు. చిన్న మడులకు ఇది కాస్త భారమే, మలుపులు ఎక్కువై బ్యాటరీ వృథా అవుతుంది. అందుకే ఈసారి మా బోదె కింది రైతులం మాట్లాడుకున్నాం. డ్రోన్ మడి మడికీ తిరగకుండా నేరుగా సాగేలా, అందరి మడుల్లో బాటలన్నీ తూర్పు పడమరలుగా, ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా నాట్లు వేయించబోతున్నాం.