చవక హీరో పెన్నుకి కూడా డూప్లికేట్ ఉంది, కొనేముందు జాగ్రత్త

ఆన్‌లైన్‌లో చైనా ఫౌంటెన్ పెన్నులు తెప్పించుకునేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. పోయిన నెలలో హీరో 616 పెన్నులు అయిదు కలిపిన ప్యాకు ఒకటి కొన్నాను. అయిదుకి అయిదూ నకిలీవి. పోయిన డబ్బు పెద్దదేం కాదు. కానీ ఆ అమ్మకందారు పేజీలో ఈ రోజుకీ అవే అమ్ముతున్నారు, కొన్నవాళ్లు ప్యాకెట్టు విప్పిన రోజే అయిదు చుక్కల రేటింగు ఇచ్చేసి వెళ్లిపోతున్నారు. ఇంకొకరు మోసపోకూడదని రాస్తున్నాను.

ఎందుకు కొన్నానో ముందు చెప్తాను. మా అమ్మ టీచరు. పరీక్ష పేపర్లన్నీ ఆవిడ హీరో 616తోనే దిద్దేది. ముదురు ఆకుపచ్చ ఒళ్లు, స్టీలు మూత. ఆ పెన్ను ఇప్పుడు నా దగ్గరుంది, ఇప్పటికీ చక్కగా రాస్తుంది. మా అమ్మాయి సిరా పెన్నుతో రాయడం నేర్చుకుంటానని అడిగింది. అమ్మ పెన్ను చేతికిస్తే ఎక్కడ కింద పడేస్తుందోనని భయం. అందుకని అదే రకం కొత్తవి తెప్పించాను. ఇంత చవక పెన్నుకి డూప్లికేట్ తయారుచేసేవాళ్లు ఉంటారన్న ఆలోచనే నాకు రాలేదు. మనలో చాలామంది జారిపడేది సరిగ్గా అక్కడే. ఖరీదైన పెన్ను కొనేటప్పుడు పది చోట్ల విచారిస్తాం, చవకదాన్ని కళ్లు మూసుకుని కొనేస్తాం. నకిలీ చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి? లక్షలమందికి తెలిసిన పేరు, ఎవరూ పరీక్షించి చూడని సరుకు.

హీరో సామాన్యమైన పేరు కాదు. షాంఘైలో 1931లో మొదలైన కంపెనీ అది. 616 రూపం అమెరికా పార్కర్ కంపెనీ చేసిన 51 అనే పెన్ను నుంచి వచ్చింది. 1941లో బజారులోకి వచ్చిన పార్కర్ 51కి పాళీ మొత్తం బయటికి కనపడదు, ముసుగు కప్పినట్టు కొస మాత్రం తొంగిచూస్తుంది. 616కీ అంతే. ఆ ముసుగు వల్ల సిరా తొందరగా ఆరిపోదు. కానీ నకిలీ చేసేవాడికి అదే ముసుగు అడ్డుగా పనికొస్తుంది, లోపల ఏ రేకు ముక్క పెట్టాడో పైకి తెలియదు కదా.

మొదటి రోజు నాకూ అనుమానం రాలేదు. సిరా నింపాను, రాసింది. కాస్త గీరుతున్నట్టుంటే, కొత్తది కదా, రాస్తుంటే అదే నునుపెక్కుతుందిలే అనుకున్నాను. పది రోజులు గడిచాయి. పైకి వెళ్లే గీతల్లో కాగితం పీచు లేవడం మొదలైంది. ఒక సాయంత్రం అమ్మాయి పెన్ను విప్పేసరికి వెనక గొట్టంలో నిలిచిన సిరా అంతా నోటుబుక్కు మీద పడింది. వారం రోజులు ఓపిగ్గా రాసుకున్న పేజీలు నీలం మడుగైపోయాయి. పెన్ను కారడం తన తప్పేనేమో అని పిల్ల బెదిరిపోయింది. నాకు నిజంగా బాధేసింది అప్పుడే.

ఆ రాత్రి అమ్మ పెన్నూ, కొత్త పెన్నూ పక్కపక్కన పెట్టి, పదింతలు చూపించే భూతద్దంతో చూశాను. పాళీ కొసన ఆవగింజలో పదోవంతు ఉండే ఒక గుండ్రటి మొన ఉండాలి. స్టీలు పాళీకి గట్టి లోహపు బొట్టు అతికించి, మధ్యగా చీల్చి, సానపడతారు. కాగితం మీద జారేది ఆ బొట్టే, ఏళ్ల తరబడి అరగకుండా ఉండేది కూడా అదే. అమ్మ పెన్నుకి అది స్పష్టంగా కనిపించింది, ఇన్నేళ్ల వాడకానికి ఒకవైపు సన్నగా అరిగి కూడా ఉంది. కొత్త పెన్నుకి బొట్టే లేదు. రేకు కొసని కిందికి వంచి, మొన ఉన్నట్టు భ్రమ కలిగేలా చేశారు. అది అరిగేకొద్దీ నునుపు కాదు, పదునెక్కుతుంది. గీరేది అందుకే.

తర్వాత పెన్ను వెనక గొట్టం విప్పాను. 616లో కార్ట్రిడ్జ్, అంటే సిరా నింపి వచ్చే, అయిపోతే మార్చుకునే చిన్న గొట్టం, ఉండదు, లోపలే సిరా తిత్తి ఉంటుంది, దాన్ని నొక్కడానికి లోహపు తొడుగు. తిత్తి మధ్యలో సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు గానీ పని మొత్తం దానిదే. తిత్తిని నొక్కి వదులుతుంటే లోపలి గాలి ఆ గొట్టం గుండా బయటికి పోతుంది, సిరా గొట్టం పైకొస దాకా చేరుతుంది. గొట్టం ఎంత ఎత్తుంటే అంత సిరా పడుతుంది. అమ్మ పెన్నులో అది దాదాపు తిత్తి పైకప్పు దాకా ఉంది, కొత్తదాంట్లో సగానికే ఆగిపోయింది. రెండు పేజీలకే సిరా ఎందుకు అయిపోతోందో అప్పుడు అర్థమైంది. తిత్తి కూడా అంతే, వేలితో నొక్కితే అణిగిపోయి మళ్లీ మెల్లిగా లేస్తోంది. మెడ దగ్గర బిగువు లేదు, సిరా కారింది అక్కడి నుంచే. మిగతా నాలుగూ విప్పి చూశాను. ఒకదానికి ఆ లోపలి గొట్టమే లేదు.

మూత మీది అక్షరాల సంగతి. అమ్మ పెన్ను మీద హీరో అన్న పేరు గోటికి తగులుతుంది. కొత్తవాటి మీద పైపైన అచ్చు వేశారు, తడిగుడ్డతో నాలుగుసార్లు రుద్దితే ఒకదాని మీద మసకబారింది. అయితే అక్షరాలు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. ఇన్ని దశాబ్దాల్లో ముద్రలు మారుతూ వచ్చాయి, పాతదానితో కలవనంత మాత్రాన కొత్తది నకిలీ అయిపోదు. పేరులో ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ చేసి, చూడగానే హీరో అనిపించేలా చేసిన సరుకు కూడా తిరుగుతుంటుంది కాబట్టి పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవండి. నేను మాత్రం పాళీ కొసనీ, తిత్తి లోపలి గొట్టాన్నీ ఎక్కువ నమ్ముతాను. వాటి మీద ఖర్చు తగ్గించడానికే కదా నకిలీ చేసేది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చైనా పెన్నులన్నీ నకిలీవని నేను అనడం లేదు, అలా అనేవాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. చైనా కంపెనీ జిన్హావ్ చేసే 599 చూడ్డానికి జర్మనీ కంపెనీ లామీ వాళ్ల సఫారీ పెన్నులా ఉంటుంది. జిన్హావ్ 159 జర్మనీవాళ్ల ఖరీదైన పెన్ను మోంబ్లాఁ 149ని గుర్తుకు తెస్తుంది. ఇంకో చైనా కంపెనీ వింగ్ సంగ్ చేసే 601కి పార్కర్ 51 పోలిక, వాళ్లదే 699కి జపాన్ కంపెనీ పైలట్ వాళ్ల కస్టమ్ 823 పోలిక. రూపం తెచ్చుకోవడం మంచిదా కాదా అన్నది వేరే వాదన, నాకూ దాని మీద అభ్యంతరాలున్నాయి. కానీ ఆ పెన్నుల మీద వాళ్ల పేరే ఉంటుంది. ఏం కొంటున్నామో తెలిసి కొంటున్నాం. అదే సఫారీ ఆకారం మీద లామీ అని ముద్ర కొట్టి అమ్మితే అది దొంగ సరుకు. హీరో తయారుచేయని పెన్ను మీద హీరో అని కొట్టినా అంతే దొంగతనం. పెన్ను చవకదైనంత మాత్రాన ఆ తప్పు చిన్నదైపోదు.

నకిలీ సఫారీ అనుమానం ఉన్నవాళ్లకి ఒక సులువైన గుర్తు. అసలు లామీలో పట్టుకునే భాగం వెనక అంచున ఎదురెదురుగా రెండు గంట్లు ఉంటాయి, లామీ వాళ్ల కన్వర్టర్ (సీసాలోంచి సిరా పీల్చుకోవడానికి కార్ట్రిడ్జ్ బదులు బిగించేది) పక్కల ఉండే రెండు బుడిపెలు వాటిలో కూర్చుంటాయి. కార్ట్రిడ్జ్ కూడా వాళ్లది వాళ్లదే, టి10 అంటారు. లామీ అని ముద్ర ఉండి, లోపల మామూలు అంతర్జాతీయ సైజు కన్వర్టర్ బిగించి వచ్చిందంటే ఇక ఆలోచించక్కర్లేదు, వెనక్కి పంపేయండి.

పాళీ మీది రాతలు ఇంకో పెద్ద ఉచ్చు. నాకు తెలిసినాయన ఒకరు బంగారు పాళీ పెన్ను చవగ్గా దొరికిందని సంతోషంగా చూపించారు. పాళీ మీద 18కె అని కనపడుతోంది. దాని పక్కనే జి, పి అని రెండు అక్షరాలున్నాయి. వాటర్థం బంగారు పూత అని. లోపలంతా స్టీలే. కంపెనీ మోసం చేయలేదు, ఉన్న సంగతే పాళీ మీద చెక్కింది. అమ్మినవాడు ఆ రెండక్షరాలూ మింగేసి 18 క్యారెట్ల పాళీ అని రాశాడు. నిజమైన 18 క్యారెట్ల పాళీ మీద సాధారణంగా 750 అనీ, 14 క్యారెట్లదైతే 585 అనీ ఉంటుంది, వెయ్యి పాళ్లలో బంగారం ఎన్ని పాళ్లో చెప్పే అంకె అది. అంకె ఉందని కూడా పొంగిపోకండి, పార్కర్ సోనెట్ నకిలీల మీద ఆ అంకె కూడా చెక్కేస్తున్నారు. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. పాళీ అటు లాగిందంటే అది ఘన బంగారం కాదు. లాగకపోతే మాత్రం బంగారమే అని కాదు, కొన్ని రకాల స్టీలు కూడా అయస్కాంతానికి పెద్దగా స్పందించదు.

అలాగే ఇరిడియం పాయింట్ జర్మనీ అన్న ముద్ర, ఇరిడియం అనే గట్టి లోహపు మొన అని దానర్థం. దాన్ని చూసి పెన్ను జర్మనీది అనుకోకండి, పాళీ కూడా జర్మనీలో చేసిందని హామీ లేదు. ఎక్కడెక్కడి చవక పాళీల మీదో అది ఉంటుంది. మొన బొట్టులో ఇరిడియం ఉండడం కూడా ఈ రోజుల్లో అరుదే, ఆ మాట అలవాటుగా మిగిలిపోయింది.

కారిన ప్రతి పెన్నూ నకిలీది కాదన్నది కూడా గుర్తుంచుకోండి. చైనా పెన్నుల్లో కార్ట్రిడ్జ్ నోరు రెండు సైజుల్లో వస్తుంది, 2.6 మిల్లీమీటర్లది ఒకటి, 3.4 మిల్లీమీటర్లది ఒకటి. దీనిది దానికి బిగిస్తే పెద్దది వదులై కారుతుంది, చిన్నది అసలు ఎక్కదు. అమ్మకందారు మీద ఫిర్యాదు చేసేముందు ఇది సరిచూసుకోండి, లేకపోతే మన మాటకి విలువ పోతుంది.

పెన్ను చేతికొచ్చాక నేనిప్పుడు చేసేది ఇది. ప్యాకెట్టు విప్పేటప్పుడు వీడియో తీస్తాను. సిరా పోయను, ముందు మంచినీళ్లు నింపుతాను. పొడి కాగితం రుమాలు చుట్టి, పాళీ పైకి ఉండేలా ఒక రాత్రంతా గ్లాసులో నిలబెడతాను, మర్నాడు పాళీ కిందికి పెట్టి ఇంకో రాత్రి. రుమాలు తడిసిందంటే ఎక్కడ తడిసిందో చూస్తే లోపం ఎక్కడో తెలిసిపోతుంది. సిరా పోసేస్తే వాడిన పెన్ను వెనక్కి తీసుకోం అనే మాట వినాల్సొస్తుంది, నీళ్లతో ఆ గొడవ లేదు. తర్వాత భూతద్దంతో పాళీ కొస చూస్తాను. ఈ రెండూ అయ్యాకే సిరా.

కొనకముందు అమ్మకందారుని రెండు ఫొటోలు అడగండి. పాళీ కొస దగ్గరగా ఒకటి, గొట్టం విప్పి లోపలి తిత్తి కనపడేలా ఒకటి. కంపెనీ ఫొటోలే మళ్లీ పంపించినా, జవాబు దాటవేసినా అక్కడ కొనకండి. అభిప్రాయాలు చదివేటప్పుడు నెల రోజులు వాడాక రాసినవీ, సొంతంగా ఫొటోలు పెట్టినవీ మాత్రమే లెక్కలోకి తీసుకోండి. పాత అభిప్రాయాల్లో ఏ పెన్ను ఫొటో ఉందో కూడా చూడండి. వేరే వస్తువుకి వచ్చిన మంచి మాటల కిందే సరుకు మార్చి అమ్మేవాళ్లున్నారు.

నా విషయంలో అమ్మకందారు మొదట ఫ్యాక్టరీలో మోడల్ మారింది అన్నాడు. ఏ మోడల్‌కైనా పాళీకి మొన ఉండాలి కదా అని ఫొటోలు పంపాను. సగం డబ్బు ఇస్తాను, ఫిర్యాదు తీసేయమన్నాడు. తీసేస్తే తర్వాత కొనేవాళ్లకి ఆ సంగతి కనపడదు, అందుకే ఒప్పుకోలేదు. రెండు పెన్నులూ పక్కపక్కన పెట్టిన ఫొటోలు, తిత్తి ఫొటోలు సైటు వాళ్లకే నేరుగా పంపాక మొత్తం డబ్బు వెనక్కి వచ్చింది. బేరం ఏదైనా సైటు బయటికి రమ్మంటే వెళ్లకండి, అక్కడ మన తరఫున అడిగే దిక్కుండదు.

ఈ మధ్య మీరెవరైనా 616ల ప్యాకు కొని ఉంటే ఈ రోజే ఒకటి విప్పి చూడండి, వాపసు గడువు దాటిపోకముందే. నావి వెనక్కి పంపక్కర్లేదన్నారు కాబట్టి అయిదింటి పాళీలూ విరిచేసి పారేశాను. ఎవరికైనా ఇచ్చేస్తే మళ్లీ ఏ చిన్నపిల్ల నోటుబుక్కు మీదో కారుతాయి. మా అమ్మాయికి జిన్హావ్ వాళ్ల సొరచేప మూత పెన్ను కొనిచ్చాను. నీళ్లు పోసి రెండు రాత్రులు నిలబెట్టాను, రుమాలు తడవలేదు. ఆ పాడైన పేజీలన్నీ తను ఇప్పుడు దాంతోనే మళ్లీ రాసుకుంటోంది.