పిల్లల టిక్స్‌కు ‘మూలకారణ పరీక్ష, మూడు నెలల కోర్సు’ అంటూ ఫోను వస్తే పెట్టేయండి: 22,800 రూపాయలు పోగొట్టుకున్న తల్లి మాట

మాది ఒడిశాలోని రాయగడ. ఈ మధ్య మన వైపు తెలుగు ఇళ్ళకు, గుణుపురం నుంచి జయపురం దాకా, ఒకే రకం ఫోన్లు వస్తున్నాయని విన్నాను. ‘మీ బాబు కళ్ళు ఊరికే ఆర్పుతున్నాడా అక్కా, గొంతు సవరించుకుంటూ ఉంటాడా’ అని మొదలుపెడతారు. పిల్లలు కావాలని కాకుండా మళ్ళీ మళ్ళీ చేసే ఇలాంటి కదలికలనూ చప్పుళ్ళనూ టిక్స్ అంటారు. పోయిన నెలలో మా వీధిలోనే ఇద్దరు తల్లులు వచ్చి ఆ కోర్సు కొనమంటావా అని నన్నడిగారు. నన్నే ఎందుకంటే, పోయిన కార్తీకంలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో దాన్ని ఆకాశానికెత్తింది నేనే. ‘మా వాడికి తొంభై శాతం తగ్గిపోయింది, దేవుళ్ళలాంటి వాళ్ళు’ అని రాశాను. ఆ మాటను ఇక్కడ అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను.

మా వాడికి ఎనిమిదేళ్ళు. నిరుడు రథయాత్ర రోజుల్లో కళ్ళు టపటపా ఆర్పడం మొదలుపెట్టాడు. కంటి డాక్టరు ఎలర్జీ అని చుక్కల మందు రాశారు. చుక్కలు అయిపోయాయి, ఆర్పడం పోలేదు. వినాయక చవితి నాటికి ‘హుమ్, హుమ్’ అని గొంతు సవరించుకోవడం తోడైంది. దానికి రెండు సీసాల దగ్గు మందు తాగించాం. దసరాకు కుడి భుజం ఎగరేయడం మొదలైంది. బడిలో టీచరు తనను వెక్కిరిస్తున్నాడనుకుని బెంచీ ఎక్కించింది. మా అత్తయ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. దానికైన ఖర్చు గుప్పెడు ఉప్పు. మొత్తం ఈ వ్యవహారంలో వాడికి ఏ హానీ చేయని వైద్యం అదొక్కటే.

సరిగ్గా ఆ దసరా వారంలోనే ఫోనులో ఆ ప్రకటన కనబడింది. పేరు రాయను, ఎందుకంటే పేరు వాళ్ళు మార్చుకుంటూనే ఉన్నారు. నంబరు ఇచ్చిన పది నిమిషాలకు ఒకమ్మాయి ఫోను చేసింది. తెలుగూ ఒడియా రెండూ గలగలా మాట్లాడింది. ‘డాక్టర్లు లక్షణాన్ని అణిచేస్తారక్కా, మేము వేరుతో పీకుతాం’ అంది. ముప్పై రోజుల్లో ఫలితం కనబడకపోతే డబ్బు వాపసు అని కూడా అంది. ఆ వాపసు మాట కాగితం మీద ఎక్కడా లేదని నాకు తరువాత తెలిసింది.

ముందు 4,200 రూపాయల ‘మూలకారణ పరీక్ష’. వాడి మెడ వెనక నుంచి చిటికెడు జుట్టు కత్తిరించి కవరులో పెట్టి పంపమన్నారు. రెండు వారాలకు పదకొండు పేజీల రిపోర్టు వచ్చింది, పెళ్ళి పత్రికలా మెరిసిపోతూ. నిండా ఎర్ర గీతలు, పచ్చ గీతలు. జింకు తక్కువ, రాగి ఎక్కువ, పేగుల్లో విషాలు, పాలూ గోధుమా పడవు, గుడ్డూ అరటిపండూ మానాలి. ఆ తరువాత 18,600 రూపాయలకు మూడు నెలల కోర్సు: మూడు డబ్బాల పొడి, ఒక సీసా చుక్కలు, ఒక లెక్కల పుస్తకం.

ఆ లెక్కల పుస్తకం గురించి చెప్పాలి. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా వాడు ఎన్నిసార్లు కళ్ళు ఆర్పాడో, ఎన్నిసార్లు భుజం ఎగరేశాడో నేను గీతలు గీయాలి. వాడు చాప మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటుంటే, నేను వంటింటి గడప మీద పెన్సిలు పట్టుకుని కూర్చునేదాన్ని. మూడో రోజుకే వాడికి అర్థమైపోయింది. నా పెన్సిలు కదిలిన ప్రతిసారీ తలెత్తి చూసేవాడు, చూడగానే భుజం ఎగిరేది. ఒక సాయంత్రం వాడే అడిగాడు, ‘అమ్మా, ఇవాళ ఎన్ని?’ అని. నూట పన్నెండు అన్నాను. వాడు ఏడవలేదు. ఎక్కాల పుస్తకం మూసి లోపలికి వెళ్ళి పడుకున్నాడు. టిక్స్‌ను గమనిస్తూ, ఎత్తి చూపుతూ ఉంటే ఎక్కువవుతాయని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు డబ్బిచ్చి మరీ ఆ పని చేశాను.

పొడి మొదలుపెట్టిన మూడు వారాలకు నిజంగానే తగ్గింది. గొంతు చప్పుడు పోయింది, భుజం ఆగింది. నేను ఆ పొగడ్త రాసింది అప్పుడే. నా మాట నమ్మి పర్లాకిమిడిలో మా ఆడపడుచు వాళ్ళు తమ కూతురి కోసం ఆ కోర్సు కొన్నారు. వాళ్ళకు నేను విడిగా క్షమాపణ చెప్పుకున్నాను.

రెండో నెలలో వాడు బడి నుంచి రాగానే సంచీ కూడా దించకుండా నిద్రపోవడం మొదలుపెట్టాడు. లేపితే లేచేవాడు కాదు. ఇరవై నాలుగు కిలోల పిల్లవాడు ఇరవై రెండుకు దిగాడు. పాలు లేవు, గుడ్డు లేదు, రొట్టె లేదు, ఇక దిగక ఏం చేస్తాడు? బొబ్బిలిలో పెళ్ళికి వెళితే, వరుసలో చివరి ఆకు ముందు కూర్చుని నాకు కనబడకుండా లడ్డూను పిడికిట్లో దాచుకున్నాడు. ఆ అమ్మాయికి ఫోను చేస్తే ‘విషాలు బయటికి పోయేటప్పుడు పిల్లలు అలాగే మగతగా ఉంటారక్కా, మంచి సూచన’ అంది. సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే టిక్స్ తిరిగొచ్చాయి, ఈసారి మెడను పక్కకు విసరడంతో సహా. అప్పుడేమందో తెలుసా? ‘లడ్డూ తిన్నాడు కదా’ అంది. ఇంకో మూడు నెలల కోర్సు కొంటే పదిహేను శాతం తగ్గిస్తారట.

ఇంతకాలం నన్ను కట్టిపడేసింది ‘తగ్గింది కదా’ అన్న ఒక్క మాట. దాని గుట్టు విశాఖపట్నంలో పిల్లల నరాల వైద్యురాలు ఐదు నిమిషాల్లో విప్పింది. టిక్స్ సముద్రపు ఆటుపోట్లలాంటివట. కొన్ని వారాలు పెరుగుతాయి, వాటంతటవే తగ్గుతాయి, మళ్ళీ పెరుగుతాయి, ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. వాటి స్వభావమే అది. ఏ తల్లయినా మందు కోసం పరిగెత్తేది పోటు మీద ఉన్నప్పుడే. ఆ సమయంలో ఏది ఇచ్చినా, పొడి ఇచ్చినా తాయెత్తు కట్టినా, ఆ తరువాత వచ్చేది ఆటు, అంటే తగ్గుదలే. వాళ్ళు మనకు అమ్ముతున్నది ఆ ఆటునే. ముప్పై రోజుల హామీ ఎందుకిస్తారో ఇప్పుడు ఆలోచించండి.

ఆవిడ చేసిన పరీక్ష చూస్తే నాకు సిగ్గేసింది. జుట్టు అడగలేదు, స్కాను అడగలేదు. నా ఫోనులో ఉన్న వీడియోలు చూసింది. నిద్రలో వస్తాయా? కాసేపు ఆపుకోగలడా? వచ్చే ముందు అక్కడ దురదలాగా, ఒత్తిడిలాగా ఏమైనా అనిపిస్తుందా? ఈ చివరి ప్రశ్న నేను వాణ్ణి ఎన్నడూ అడగలేదు. ‘భుజంలో ఏదో ఇరుక్కున్నట్టు ఉంటుంది, ఎగరేస్తే పోతుంది’ అన్నాడు వాడు. కాసేపు ఆపుకోగలగడం, ముందు ఆ ఒత్తిడి తెలియడం, ఇవి టిక్స్ గుర్తులట. మాటల మధ్య మా ఆయన, తన తమ్ముడు చిన్నప్పుడు ఎప్పుడూ ముక్కు ఎగబీలుస్తూ ఉండేవాడని గుర్తు చేసుకున్నారు. వంశంలో ఉండటం మామూలే. సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్ళ మధ్య మొదలై, పది పన్నెండేళ్ళప్పుడు బాగా ఎక్కువై, చాలామందిలో యుక్తవయసుకు వచ్చేసరికి తగ్గిపోతాయి. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పెంపకం చెడ్డదై వచ్చేవి కావు, పొగరుతో చేసేవీ కావు. అలసట, భయం, పట్టరాని సంతోషం ఉన్నప్పుడు పెరుగుతాయి. అందుకే వాడికి దసరాకు, పెళ్ళిళ్ళకు ఎక్కువయ్యేవి.

టూరెట్ అనే మాట వినగానే మా ఆయన ముఖం పాలిపోయింది. 1885లో ఈ టిక్స్ జబ్బును వివరించిన ఫ్రెంచి వైద్యుడి పేరు అది. కదలికల టిక్స్ ఒకటికి మించి, గొంతు టిక్ కనీసం ఒకటి, పద్దెనిమిదేళ్ళలోపు మొదలై ఏడాది దాటితే ఆ పేరు పెడతారు. ఏడాది దాటకపోతే పేరు పెట్టడానికి తొందరపడరు. బూతులు మాట్లాడే జబ్బు అని జనం అనుకుంటారు కానీ, అలా జరిగేది కొద్దిమందిలోనే.

ఇక పొడి సంగతి. డబ్బాను డాక్టరు బల్ల మీద పెట్టాను. చుట్టూ తిప్పి చూసి, ‘దీని మీద ఆకు బొమ్మ తప్ప ఏముంది?’ అంది. నిజమే. తయారీ లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఏమేం కలిపారో లేదు. ఆ రోజే ఆపించింది. నాలుగు రోజులకు మగత పోయింది. అందులో ఏముందో నాకు తెలియదు కాబట్టి ఫలానా మందు కలిపారని అనను. రక్తంలో సీసం పరీక్ష చేయించాం, అదృష్టవశాత్తూ ఇబ్బందేమీ లేదని వచ్చింది. ఆ రిపోర్టు వచ్చేదాకా పడ్డ భయం మాత్రం ఆ 22,800లో కలపలేదు. 2004లో అమెరికాలో, బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్ముతున్న, దక్షిణాసియాలో తయారైన 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడ్డాయి. పిల్లల మెదడుకు సీసం ఇంత అయితే ఫరవాలేదు అనే లెక్క లేదు. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు, మా నాన్నగారి మోకాళ్ళకు ఇప్పటికీ తైలమే. లేబులు లేని డబ్బా మీదే నా కోపమంతా.

మరి వైద్యం ఏమిటంటారా? చాలామంది పిల్లలకు మొదటి వైద్యం ఆ టిక్స్‌ను పట్టించుకోకపోవడమే, బడిలో టీచరుకు చెప్పి ఒప్పించడంతో సహా. మా డాక్టరు రాసిచ్చిన ఉత్తరం చూశాక ఆ టీచరు వాణ్ణి ముందు బెంచీ నుంచి పక్కకు మార్చి, అవసరమైతే బయటికి వెళ్ళి రమ్మంది. టిక్స్ వల్ల నొప్పో, చదువుకు ఆటంకమో, అవమానమో ఉంటే ప్రవర్తనా చికిత్స ఉంది. ఒత్తిడి వస్తున్నట్టు తెలియగానే, టిక్ చేయడానికి వీలులేని ఇంకో పని చేయడం నేర్పుతారు. భుజానికి మోచేతిని నెమ్మదిగా పక్కటెముకలకు ఆనించి ఉంచడం, గొంతుకు ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం. 2010లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 126 మంది పిల్లల్లో ఇది నేర్చుకున్నవాళ్ళలో సగానికి పైగా మెరుగయ్యారు, పోలిక కోసం పెట్టిన గుంపులో ఐదింట ఒకరు కూడా లేరు. నేర్పేవాళ్ళు మన దగ్గర తక్కువ. మేము రెండుసార్లు రైలెక్కి వెళ్ళి, మిగతాది వీడియోలో నేర్చుకుంటున్నాం. మందులూ ఉన్నాయి. క్లోనిడిన్‌తో మత్తు, రక్తపోటు తగ్గడం ఉంటాయి, ఉన్నట్టుండి ఆపకూడదు. రిస్పెరిడోన్‌తో బరువు పెరగవచ్చు, హాలోపెరిడాల్‌తో మెడ బిగుసుకుపోవచ్చు. అవి డాక్టరు తూచి ఇవ్వాల్సినవి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునేవి కావు. మా వాడికి ఇప్పటివరకు అవసరం పడలేదు.

అయితే ప్రతి కదలికా టిక్ కాదు, ఆ పేరు మీద ఇంట్లో కూర్చోకండి. పిలిస్తే పలకకుండా చూపు నిలిచిపోయినా, పడిపోయినా, నిద్రలో కాళ్ళూ చేతులూ కొట్టుకున్నా అది మూర్ఛ కావచ్చు. గొంతు నొప్పి, జ్వరం వచ్చిన తరువాత చేతులు నాట్యంలా వంకర్లు తిరుగుతుంటే, చేతివ్రాత పాడైతే, కీళ్ళు వాస్తే గుండెను కూడా చూపించాలి, అది కీళ్ళవాత జ్వరం తాలూకు జబ్బు కావచ్చు. ఇలాంటప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఎవరిని అడగాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

డబ్బు విషయం. మెదడు జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఆ ప్రకటన కనబడగానే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు, ఇప్పుడు అది మాయమైంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాను. వాళ్ళు రాసిన ఉత్తరానికి కంపెనీ ‘ఫలితాలు వ్యక్తిని బట్టి ఉంటాయి’ అని జవాబిచ్చి ఊరుకుంది. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. 2019 చట్టం వచ్చాక మనం ఉండే చోటే వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి పరిగెత్తనక్కరలేదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. రసీదు, వాట్సాప్ మాటలు, కొరియరు కవరు పారేయకండి.

మూడో డబ్బాలో ఇంకా సగం పొడి ఉంది. మూతకు టేపు చుట్టి, పిల్లలకు అందకుండా బీరువా పై అరలో పెట్టాను, కమిషన్ వాళ్ళు పరీక్షకు పంపమంటే పంపడానికి. లెక్కల పుస్తకం మాత్రం లేదు. దాన్ని వాడే చింపి పడవలు చేశాడు, నేను అడ్డు చెప్పలేదు.