ఐజాక్ హేస్: పాటా, తెరా?

అమెరికన్ సోల్ సంగీత కళాకారుడు ఐజాక్ హేస్‌లో సింగర్ గొప్పా యాక్టర్ గొప్పా అంటే నా ఓటు పాటకే. 1969లో వచ్చిన 'హాట్ బటర్డ్ సోల్' ఆల్బమ్‌లో మొత్తం నాలుగే పాటలు, అందులో ఒకటి 18 నిమిషాలు దాటుతుంది, దాదాపు సగంసేపు మాటలే చెప్తాడు, అయినా లేవబుద్ధి కాదు. ఇక 'షాఫ్ట్' సినిమా థీమ్ పాట అయితే డ్రమ్స్ మీద హై-హ్యాట్ తాళాలు టిక్కుటిక్కుమంటూ మొదలై, 'వా-వా' అని పలికే గిటార్ అందుకుని, రెండున్నర నిమిషాలు గడిచాకే గొంతు వినిపిస్తుంది, దానికే 1972లో ఆస్కార్ వచ్చింది.

అలాగని యాక్టింగ్ తీసిపారేసేదేం కాదు. 1974లో 'ట్రక్ టర్నర్'లో హీరో. 1981లో 'ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్'లో విలన్, షాండ్లియర్లు బిగించిన కాడిలాక్‌లో వస్తుంటే చూపు తిప్పుకోలేం. 'సౌత్ పార్క్' కార్టూన్ సీరియల్‌లో షెఫ్ అనే పాత్రకి మాత్రం మళ్లీ ఆ గొంతే ప్రాణం పోసింది.