మినరల్ ప్రీమిక్స్ 4 ఏళ్లు వాడాక: బరువు సంగతి, మిగతా సంగతులు

ఫీడ్‌లాట్‌లో, అంటే దొడ్లలో ఉంచి దాణాతో పెంచే చోట, మాంసం కోసం కోడెదూడలను మేపడం మా పని. రాగి, జింకు, మాంగనీస్, కోబాల్ట్, అయొడిన్, సెలీనియం ఉన్న ప్రీమిక్స్‌ను (ముందే కలిపి బస్తాల్లో అమ్మే ఖనిజాల పొడి) 4 ఏళ్లుగా దాణాలో కలుపుతున్నాను. మొదటి రెండేళ్లు సల్ఫేట్ (గంధకం ఉన్న లవణం) రకం, ఆ తర్వాత అమైనో ఆమ్లాలతో జతచేసిన ఆర్గానిక్ రకం. కొన్నప్పుడు నాకున్న ఆశ ఒక్కటే, దూడలు రోజూ ఇంకాస్త ఎక్కువ బరువు పెరగాలని.

మొదటి బ్యాచ్ తూకం చూసి పొంగిపోయాను. తర్వాత రిజిస్టర్ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. అంతకుముందు బ్యాచ్‌ను పొద్దున్నే మేత వేయకముందు తూచాం, దీన్ని మేసి నీళ్లు తాగాక తూచాం. కడుపు నిండా ఉన్న పశువుకీ ఖాళీ కడుపుతో ఉన్నదానికీ తేడా పది కిలోలు దాటిపోవడం మామూలే. ప్రీమిక్స్‌కి ఇచ్చిన క్రెడిట్ అంతా నీళ్లదే అన్నమాట!

తర్వాతి బ్యాచ్ నుంచి ఒకే వేళకు తూచాం. పక్కపక్క దొడ్లలో ఒకదానికి మామూలు మోతాదు, ఇంకోదానికి అంతకన్నా ఎక్కువ వేసి చూశాను. నా కంటికి ఆనే తేడా ఏమీ రాలేదు. పెరిగే మాంసపు పశువుకు కిలో పొడి మేతలో రాగి 10 మిల్లీగ్రాములు, జింకు 30, మాంగనీస్ 20, సెలీనియం 0.1 ఉంటే అవసరం తీరుతుందని పోషణ పట్టికలు చెబుతాయి. ఇందులో కొంత మేతలోనే వస్తుంది. పైగా రాగి కాలేయంలో నిల్వ ఉంటుంది. కొరత లేని పశువుకు పైనుంచి ఇంకా వేసినంత మాత్రాన అది కండగా మారదు.

మరి డబ్బు వృథాయేనా అంటే, కాదు. లోటు ఉంటే బరువు ఆగిపోతుంది. రెండో ఏడాది వచ్చిన ఒక గుంపులో నల్ల దూడల ఒళ్లు ఎర్రగా తిరిగింది, కళ్ల చుట్టూ వెంట్రుకలు తెల్లబడి కళ్లజోడు పెట్టుకున్నట్టు కనిపించాయి. మేత బాగానే తింటున్నాయి, బరువు మాత్రం ముందుకు కదలదు. ప్రీమిక్స్ వేస్తూనే ఉన్నాం కాబట్టి రాగి లోటు అన్న అనుమానమే రాలేదు. డాక్టర్ గారు రక్తం మీద ఆధారపడకుండా రెండు దూడల కాలేయం నుంచి చిన్న ముక్కలు తీయించి పరీక్షకు పంపారు. కాలేయంలో నిల్వలు బాగా అడుగంటినా రక్తంలో రాగి మామూలుగానే కనపడొచ్చట. మా దూడల్లో నిల్వ నిజంగానే అడుగంటింది.

దొంగ మా బోరునీళ్లలో దొరికాడు. సల్ఫేట్, అంటే గంధకం, ఎక్కువ. దానికి తోడు ఇథనాల్ తయారీలో మిగిలే ధాన్యపు పిప్పి ఒకటి వేస్తున్నాం, అందులోనూ గంధకం ఎక్కువే. గంధకం, మాలిబ్డినం అనే ఇంకో ఖనిజం కలిస్తే పశువు పెద్దపొట్టలో థయోమాలిబ్డేట్లు అనే పదార్థాలు తయారై రాగిని పట్టేసుకుంటాయి. తొట్టిలో వేసిన రాగి పేడలోకే పోతుంది తప్ప ఒంటికి పట్టదు. గంధకం మరీ మీరితే మెదడు దెబ్బతిని పశువు చూపు పోయి పడిపోయే జబ్బు కూడా ఉంది, మా అదృష్టం కొద్దీ అంతదూరం రాలేదు. పిప్పి తగ్గించి, నీళ్లు మార్చాం. కొత్తగా వచ్చిన వెంట్రుకలు నల్లగా మొలిచాయి, బరువూ దారిలో పడింది. బస్తా కొనే ముందు నీళ్ల పరీక్ష చేయించి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

ప్రీమిక్స్ పనికొచ్చిన చోటు ఒకటుంది, కొత్తగా దిగిన దూడలకు. లారీ ప్రయాణంలో నలిగిపోయి వచ్చినవి మొదటి వారం, పది రోజులు సరిగా తినవు. తినేదే తక్కువ కాబట్టి ఆ కొద్ది మేతలోనే ఖనిజాల సాంద్రత పెంచాలి, మేమూ అలాగే పెంచాం. అప్పటి నుంచి రొప్పుతూ, ముక్కు కారుతూ మందుకొచ్చే దూడలు తగ్గినట్టే అనిపించింది. కుంటేవి కూడా తగ్గాయి. జింకు గిట్టలకు మంచిదే, కానీ అదే ఏడాది దొడ్డిలో బురద లేకుండా నేల ఎత్తించాం. మార్కులు ఎవరికి వేయాలో నాకే తెలీదు.

వాడకంలో చికాకులూ ఉన్నాయి. రోజుకు 9 కిలోల పొడి మేత తినే దూడకు కావాల్సిన రాగి 90 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా రాదు. దాన్ని నేరుగా మిక్సర్‌లో పోస్తే ఒక తొట్టికి అంతా, ఇంకో తొట్టికి సున్నా. ముందు తవుడులో కలిపి పలచన చేసి, ఆ తవుడును దాణాలో వేస్తాం. సల్ఫేట్ రకం తేమ పీల్చుకుని గడ్డలు కడుతుంది, విటమిన్లతో కలిపి నెలల తరబడి దాస్తే వాటిని పాడు చేస్తుంది. ఆర్గానిక్ రకంలో ఆ బాధ తక్కువ, ఖరీదు ఎక్కువ. మామూలు రోజుల్లో రెండింటికీ బరువులో తేడా నాకు కనపడలేదు. అందుకే ఇప్పుడు దిగిన మొదటి నెల ఆర్గానిక్, తర్వాత సల్ఫేట్. మొత్తంగా ప్రీమిక్స్‌కి 5కి 3 మార్కులు ఇస్తాను.

గొర్రెలు కూడా ఉన్నవాళ్లు మాత్రం ఈ బస్తాను వాటి దరిదాపుల్లో ఉంచొద్దు. పశువు తట్టుకునే రాగి గొర్రెకు విషం. మా షెడ్డులో దాణా పారలు కూడా వేరువేరు.