వరికి ఆకు రంగు పట్టిక: మబ్బు రోజుల్లో ఎంత నమ్మొచ్చు?

పెరిగే పైరుకు పైపాటుగా నత్రజని ఎరువు యూరియా ఎప్పుడు వేయాలో చెప్పే చిన్న ప్లాస్టిక్ పట్టీ ఇది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రకంలో లేత 2 నుంచి ముదురు 5 దాకా నాలుగు పచ్చ రంగులుంటాయి, వరి ఆకులా ఈనె గీతలతో సహా. ఎండ కాసే రోజుల్లో దీనికి పెద్దగా వంక పెట్టలేం. చిక్కంతా ముసురు పట్టినప్పుడే.

ముందు వాడే తీరు. నాటిన రెండు వారాల నుంచి తొలి పూత దాకా 7–10 రోజులకోసారి, ఉదయం 8–10 మధ్య చూడాలి. పైన పూర్తిగా విచ్చుకున్న లేత ఆకును తెంపకుండా, దాని నడిమి భాగాన్ని పట్టీకి ఆనించాలి. పట్టీ మీద ఎండ పడకుండా మన ఒంటి నీడ ఉండాలి. ఎండ తగిలితే ఆకు లేతగా కనబడి లెక్క తప్పుతుంది. పది దుబ్బుల్లో ఆరింటి ఆకులు 4 కన్నా లేతగా ఉంటే నత్రజని వేయాలి. దమ్ములో వెదజల్లిన వరికైతే 3 కన్నా లేతగా ఉంటేనే వేయాలి.

ఇక మబ్బు సంగతి. వెలుతురు తగ్గితే ఆకు వెడల్పై, పలచబడి, పచ్చదనం పెంచుకుంటుంది. పట్టీ మీద నిండుగా 4 చూపిస్తుంది, చేను మాత్రం వెలుతురు చాలక ఆకలితోనే ఉంటుంది. ఈ పట్టీ కొలిచేది పచ్చదనాన్ని, వెలుతురును కాదు. రంగు తగ్గిందని మబ్బులో పూర్తి మోతాదు వేస్తే కాండం సాగి మెత్తబడుతుంది, చేను పడిపోతుంది, అగ్గి తెగులు, పాముపొడ తెగులు పెరుగుతాయి. ఎండలో ఎకరాకు 25 కిలోల యూరియా వేసే చోట ముసురులో 17–18 దాటించకపోవడమే మేలు. అదీ వాన తెరిపిచ్చాకే.

పిలకల దశలో మబ్బు పట్టినా తర్వాత ఎండ కాస్తే చేను కొంత తేరుకుంటుంది. చిరుపొట్ట (లోపల వెన్ను మొదలయ్యే దశ) నుంచి పూత దాకా ముసురు పడితే వెన్నుకు గింజలే తగ్గుతాయి, పూత తర్వాతైతే తాలు (నిండని గింజ) పెరుగుతుంది. ఆ నష్టాన్ని ఏ యూరియా పూడ్చలేదు, పట్టీ హెచ్చరించనూ లేదు.

గంధకం లోపించినా ఆకు పాలిపోతుంది. దాన్నీ ఇది నత్రజని లోటుగానే చూపిస్తుంది. పట్టీని ఫొటో తీసి ఫోన్ తెరలో పోల్చడం దండగ, ఫోను ఫోనుకూ రంగు మారుతుంది. గట్టు మీద ఎండలో వదిలేయకండి, రంగు వెలిసిన పట్టీ కన్నా ఉత్త కన్నే నయం.