క్రోమ్‌లో దాక్కుని ఉన్న ఒక ఆప్షన్: ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వెబ్ డెవలపర్ రివ్యూ

ముందే చెప్పేస్తా, నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు. డ్యూటరనోపియా అంటారు, కంట్లో ఆకుపచ్చని పట్టే కోన్స్ అనే కణాలు పనిచేయవు. మా అమ్మ వాళ్ల నాన్నకి కూడా ఉండేదంట, మిరప తోటలో ఏది పండుకాయో ఏది పచ్చికాయో వేళ్లతో నొక్కి చూసి కోసేవాడని అమ్మ ఇప్పటికీ చెప్తుంటుంది. ఆ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి తాత నుంచి కూతురికి ఏమీ బయటపడకుండా వచ్చి మనవడి దగ్గర తేలుతుంది. నా విషయం బయటపడింది డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగం మెడికల్‌లో. రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి నంబర్ చెప్పు అన్నారు, నాకు చుక్కలే కనపడ్డాయి. అది ఇషిహారా టెస్ట్ అని, 1917 నుంచి ఉందని తర్వాత చదువుకున్నా.

ఇప్పుడు బెంగళూరులో, మారతహళ్లి దగ్గర చిన్న కంపెనీలో ఫ్రంటెండ్ పని, అంటే వెబ్‌సైట్‌లో జనానికి కనపడే పేజీలు తయారుచేసే పని చేస్తున్నా. వెబ్ పేజీ నాలాంటి వాళ్లకి ఎలా కనపడుతుందో చూపించే ఒక క్రోమ్ ఆప్షన్ మీద ఈ రివ్యూ ఎందుకు రాస్తున్నానో తెలియాలంటే పోయిన సంక్రాంతి సంగతి చెప్పాలి.

ప్రొద్దుటూరు వెళ్లడానికి ఒక బస్ బుకింగ్ సైట్ (పేరు వద్దులెండి) ఓపెన్ చేసి రాత్రి పదకొండుకి కూర్చున్నా. స్లీపర్‌లో కింద ఒకటి, పైన మూడు ఖాళీ ఉన్నట్టు కనపడ్డాయి, కిందది నొక్కా, సెలెక్ట్ అయింది, బోర్డింగ్ పాయింట్ మడివాళ పెట్టి పేరు, వయసు, ఫోన్ నంబర్ అన్నీ కొట్టి చివర్లో మేల్ అని నొక్కగానే ఇది లేడీస్ సీట్ అని ఎర్రర్ వచ్చింది. వెనక్కి వెళ్లి చూసేలోపు పైన మూడూ అయిపోయాయి. ముందే పిల్లాడితో ఊరెళ్లిన మా ఆవిడకి స్క్రీన్‌షాట్ పంపితే అప్పుడు చెప్పింది, లేడీస్ సీట్‌కి లేత పింక్ అంచు ఉంది, మామూలు ఖాళీ సీట్‌కి బూడిద రంగు అంచు ఉంది అని. లేత పింక్, బూడిద నా కంటికి ఒకటే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రంగు తెలీట్లేదండీ అంటే ఫోన్ బ్రైట్‌నెస్ పెంచి చూడండి సార్ అన్నాడు. పాపం అతని తప్పు కూడా కాదు. నాకు ఎలా కనపడుతుందో అతనికి చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు, టికెట్ పోయినదానికన్నా అదే ఎక్కువ బాధేసింది.

ఆ మాటల పని ఇప్పుడు నాకు క్రోమ్ డెవ్‌టూల్స్‌లోని (డెవలపర్ల కోసం బ్రౌజర్‌లోనే ఉండే టూల్స్) ఒక ఆప్షన్ చేస్తోంది. 2020 నుంచి ఉంది, ఫ్రీ, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, అయినా నేను రెండు నెలల క్రితమే చూశా. ఎఫ్12 కొట్టి, మూడు చుక్కల మెనూలో మోర్ టూల్స్, అందులో రెండరింగ్, అక్కడ కిందికంటా వెళ్తే ఎమ్యులేట్ విజన్ డెఫిషియెన్సీస్ అని ఉంటుంది. ఎరుపుని పట్టే కోన్స్ పనిచేయని ప్రొటనోపియా, నాకున్న డ్యూటరనోపియా, నీలాన్ని పట్టేవి పనిచేయని ట్రైటనోపియా, అసలు రంగులే తెలియని అక్రొమటాప్సియా, ఏది కావాలంటే అది పెట్టుకుంటే ఆ ట్యాబ్‌లో పేజీ మొత్తం అలా మారిపోతుంది.

మొదటిసారి డ్యూటరనోపియా పెట్టినప్పుడు నాకు పెద్ద తేడా ఏమీ కనపడలేదు, పనిచేయట్లేదేమో అనుకున్నా. తీశా, మళ్లీ పెట్టా, అదే. ట్రైటనోపియా పెడితే మాత్రం నాకు కూడా నీలాలు, పసుపులు అటూఇటూ అయిపోయాయి. అప్పుడు వెలిగింది, మొదటిది నా కళ్లే కదా, నాకెందుకు మారుతుంది. పక్క సీట్లో నెల్లూరు అమ్మాయిని పిలిచి మా ఆర్డర్స్ డాష్‌బోర్డ్ చూపించా. ఆ పేజీలో డెలివరీ అయిన ఆర్డర్‌కి ఆకుపచ్చ చుక్క, ఫెయిల్ అయినదానికి ఎర్ర చుక్క, పక్కన మాట ఏమీ ఉండదు. డ్యూటరనోపియా ఆన్ చేయగానే తనకి రెండు చుక్కలూ ఒకే రకం మట్టి రంగులోకి వచ్చేశాయంట, స్క్రీన్‌కి దగ్గరగా వంగి కాసేపు చూసి, "అన్నా, నువ్వు ఇన్నాళ్లూ ఒక్కో చుక్క మీదా క్లిక్ చేసి చూస్తుంది ఇందుకా?" అంది. ఇందుకేనమ్మా అన్నా. మూడేళ్లు అదే డాష్‌బోర్డ్ మీద పనిచేశాం ఇద్దరం, నేను స్లో అని తను అనుకునేదంట.

ఐతే ఇది చూపిస్తుంది గానీ బాగుచేయదు. మా డిజైనర్ ఆ రోజే ఆకుపచ్చని ఇంకో ఆకుపచ్చకి మార్చి ఇప్పుడు ఓకేనా అని అడిగాడు. రంగు మార్చుకుంటూ పోతే ఒకళ్లకి సరిపోయింది ఇంకొకళ్లకి సరిపోదు. వెబ్ యాక్సెసిబిలిటీ రూల్స్‌లో, అదే డబ్ల్యూసీఏజీలో, 2008లోనే రాసి పెట్టారు, సమాచారం రంగు ఒక్కదాని మీదే ఆధారపడకూడదు అని, అది కూడా అందరూ తప్పక పాటించాల్సిన కనీస లెవెల్‌లో. మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది, ప్యాకెట్ల మీద వెజ్‌కి ఆకుపచ్చ చుక్క, నాన్‌వెజ్‌కి గోధుమ రంగు చుక్క ఉండేవి కదా, రెండూ గుండ్రమే, నాలాంటి వాళ్లకి రెండూ ఒకటే. 2020 లేబులింగ్ రూల్స్‌లో నాన్‌వెజ్ గుర్తుని త్రికోణం చేశారు. అప్పటి నుంచి షాపులో ప్యాకెట్ పట్టుకుని ఎవర్నీ అడగట్లేదు నేను. మేము కూడా అదే చేశాం, చుక్క తీసేసి టిక్, ఇంటూ గుర్తులు పెట్టి పక్కన డెలివర్డ్, ఫెయిల్డ్ అని రాశాం, గ్రాఫ్‌లో గీతలకి ఒకటి నిండుది, ఒకటి చుక్కలది. మధ్యాహ్నం భోజనానికి ముందు మొదలుపెడితే సాయంత్రం టీ టైమ్‌కి అయిపోయింది.

మేనేజర్ ఎంతమందికి ఉంటుంది ఇది అని అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. ఉత్తర యూరప్ మగవాళ్లలో సుమారు 8 శాతం, ఆడవాళ్లలో అర శాతం అంటారు, మన దగ్గర శాతం తక్కువే గానీ జనాభా చూస్తే కోట్లలో ఉంటాం.

టూల్‌లో లోటు అంటే, ఇది పూర్తి రకాలనే చూపిస్తుంది. నిజానికి ఎక్కువమందికి ఉండేది డ్యూటరనామలీ, అంటే కోన్స్ ఉంటాయి గానీ కాస్త తేడాగా పనిచేస్తాయి, వాళ్లకి కొంచెం తెలుస్తుంది, కొంచెం తెలీదు. ఆ మధ్యస్థం ఇందులో లేదు. పైగా డెవ్‌టూల్స్ మూసేస్తే సెట్టింగ్ పోతుంది, ఆ ట్యాబ్ దాటి బయట పనిచేయదు. మొత్తం స్క్రీన్ చూడాలంటే కలర్ ఆరకిల్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, మొబైల్ యాప్‌లకి ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో సిమ్యులేట్ కలర్ స్పేస్ వాడుకోవచ్చు. కాంట్రాస్ట్, అంటే అక్షరాలకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య వెలుగు తేడా, మాత్రం డెవ్‌టూల్స్‌లోనే చూసుకోండి, కలర్ పికర్ ఓపెన్ చేస్తే నిష్పత్తి అక్కడే చూపిస్తుంది, మామూలు అక్షరాలకి 4.5:1 కన్నా తగ్గకూడదు. లేత బూడిద అక్షరాలు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి, అవి మామూలు చూపు ఉన్న మా అమ్మక్కూడా కనపడవు.

ఐదుకి నాలుగిస్తా. ఆ ఒక్కటి తగ్గించింది మధ్యస్థ రకం లేనందుకు.

ఇంకోటి, పోయిన వారం ఆ బస్ సైట్ వాళ్లకి మెయిల్ పెట్టా. ఈసారి బ్రైట్‌నెస్ మాట రాకుండా సీట్ల మ్యాప్‌వి రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి పంపా, ఒకటి మామూలుది, ఇంకోటి డ్యూటరనోపియా ఆన్ చేసి తీసింది, లేడీస్ సీట్ మీద చిన్న అక్షరం ఒకటి వేస్తే చాలు అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశా. పంపే ముందు రెండిట్లో ఏది మామూలుదో నెల్లూరు అమ్మాయిని అడిగి కింద పేర్లు వేయించుకున్నా. రిప్లై ఇంకా రాలేదు.